తీర్థన్, బరోట్ ట్రౌట్ యాత్ర: బస కంటే ముందు ఏటిని తెలుసుకోవాలి

ట్రౌట్ చల్లని నీటి చేప. నీరు 20 డిగ్రీలు దాటి వేడెక్కితే ఎక్కువ కాలం తట్టుకోలేదు కనుక మన గోదావరిలో గాని, మన్యం వాగుల్లో గాని అది కనిపించదు. ఫ్లై ఫిషింగ్ మీద, అంటే ఈకలు, దారాలతో పురుగులా కట్టిన గాలాన్ని (దీన్నే ఫ్లై, ఈగ అంటారు) విసిరి చేపను పట్టే వేట మీద మనసుపడిన తెలుగువారు నీలగిరులకో, మున్నార్‌కో, హిమాలయాలకో ప్రయాణం కట్టవలసిందే. హిమాచల్ ప్రదేశ్‌లో బ్రిటిష్ వారు 1909లో ట్రౌట్‌ను తెచ్చి వదిలిన కులూ ప్రాంతంలోని తీర్థన్ లోయను, దాని పక్కనే మండీ జిల్లాలో ఉన్న బరోట్‌ను మేము ఎంచుకున్నాము. రెండూ మాకు కొత్త చోట్లే. కొత్త ఏటికి వెళ్లేవారు గదుల గురించి, రాడ్ల గురించి ఆరా తీయడానికి ముందు ఆ ఏటి నీటిని పెంచేదీ తగ్గించేదీ ఏమిటో కనుక్కోవాలి. అది కరిగే మంచు కావచ్చు, వాన కావచ్చు, ఆనకట్ట గేట్లు కావచ్చు. బస, గైడు, వెళ్లే నెల అన్నీ ఆ జవాబును బట్టే నిర్ణయించుకోవాలి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2014 జూన్ 8న మండీ జిల్లా థలౌట్ వద్ద బియాస్ నదిలో దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. తీర్థన్ లోయకు వెళ్లే దారి ఆ లార్జీ మీదుగానే సాగుతుంది. ఎండ కాస్తూ, ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా గేట్లున్న నదిలో నీరు నిమిషాల్లో పెరగగలదు.

బరోట్‌లో ఉహల్ నది మీద జలాశయం ఉంది. 1930ల తొలినాళ్లలో పూర్తయిన షానన్ జలవిద్యుత్ కేంద్రానికి అక్కడి నుంచే సొరంగం గుండా నీరు వెళుతుంది. ఊరు చిన్నది, దేవదారు చెట్ల మధ్య ఎంతో అందంగా ఉంటుంది, గదులూ చవకే. ప్రభుత్వ ట్రౌట్ పెంపక కేంద్రం ఊళ్లోనే ఉండడం వల్ల చేప గురించి తెలిసినవారు తేలికగా దొరుకుతారు. అయితే జలాశయానికి దిగువన నీటి మట్టం మనిషి చేతిలో ఉంటుంది కనుక అక్కడ ఏట్లో దిగి నిలబడడం నాకు సమ్మతం కాలేదు. ఎగువన, రోడ్డు ఇరుకై గ్రామాలు పలచబడే చోట, నీరు సహజంగా ప్రవహిస్తుంది, చేప కూడా బాగా పడుతుంది. బరోట్‌కు వెళ్లేవారు ఎగువకే వెళ్లాలి.

తీర్థన్ సంగతి వేరు. ఆ లోయ ప్రజలు పట్టుబట్టి జలవిద్యుత్ ప్రాజెక్టులు రాకుండా ఆపుకున్నారు కాబట్టి, 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్‌లో పుట్టిన నీరు లార్జీ దాకా అడ్డు లేకుండా వస్తుంది. మా యాత్రలో ఎక్కువ భాగం బంజార్ దాటాక వచ్చే నాగిని, గుషైనీ గ్రామాల మధ్యనే గడిపాము. ఏరు వాలుగా, పెద్ద పెద్ద బండరాళ్ల మధ్య నుంచి దూకుతూ వస్తుంది. ప్రతి బండ వెనుకా నీరు నెమ్మదించే చిన్న మడుగు ఒకటి ఉంటుంది, చేప ఉండేది అక్కడే. అది ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలుస్తుంది కనుక మనం దిగువ నుంచి పైకి నడుస్తూ వెనుక నుంచి సమీపించాలి. దూరం విసరడంలో ఎంత నైపుణ్యం ఉన్నా ఇక్కడ దానితో పని పడదు. అయిదారు మీటర్ల దూరంలో ఈగను మెత్తగా దింపి, లైన్‌ను నీటికి తగలకుండా పైకెత్తి పట్టుకోగలిగితే చాలు. తొమ్మిది అడుగుల, 4 లేదా 5 వెయిట్ (విసిరే లైన్ బరువును తెలిపే సంఖ్య) రాడ్ సరిగ్గా సరిపోయింది.

గుషైనీలో మాకు కుదిరిన గైడు మొదటి ఉదయం రాడ్‌ను ముట్టుకోనివ్వలేదు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, తరువాత ఏట్లోంచి ఒక రాయిని తీసి తిరగేశాడు. దాని అడుగున ఇసుక రేణువులతో కట్టుకున్న సన్నని గొట్టాలలో క్యాడిస్ పురుగులు, పక్కనే చదునుగా అతుక్కున్న మేఫ్లై పిల్లలు కనిపించాయి. మా పెట్టెలోంచి ఆ పరిమాణానికి దగ్గరగా ఉన్న ఫెజంట్ టెయిల్ నింఫ్‌ను, అంటే నీటిలోని పురుగు పిల్లలా కట్టిన ఈగను, ఏరి ఇచ్చాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి పుల్ల మొదలు నీటిలో మునిగి ఉంది, నీటి రంగు కూడా కొంచెం బూడిదగా మారింది. పైన ఎండకు కరిగిన మంచు కిందికి చేరడానికి అంత సేపు పడుతుందని, ఇక ఆ పూటకు ఏరు దాటవద్దని చెప్పాడు. గైడుకు ఇచ్చే రుసుము దండగ అనుకునేవారు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. అంతకు ముందు మరో చోట, ఫోనులో ఫ్లై ఫిషింగ్ గైడు ఉన్నాడని హామీ ఇచ్చిన బసవారు తీరా వెళ్లాక ఫ్లై ఫిషింగ్‌కు పనికిరాని స్పిన్నింగ్ రాడ్, లోహపు స్పూన్ (మెరిసే రేకు ఎర) ఇచ్చి ఒక కుర్రవాడిని తోడు పంపారు. అందుకే అడ్వాన్సు పంపే ముందు గైడుతోనే నేరుగా మాట్లాడి, గడచిన వారం నీరు ఎలా ఉంది, ఏ ఈగకు చేప పడింది అని అడగడం అవసరం.

బసల విషయానికి వస్తే, బంజార్‌లో హోటళ్లు, దుకాణాలు, బస్సులు అన్నీ ఉన్నా తెల్లవారుజామున ఏటికి చేరడానికి ప్రతిసారీ వాహనం కావాలి. గుషైనీ వైపు హోమ్‌స్టేలలో గుమ్మం దిగితే ఏరే. వాటిలో కొన్ని అవతలి గట్టున ఉంటాయి, తీగకు వేలాడే బుట్టలో కూర్చుని తాడు లాగుకుంటూ దాటాలి. పెద్దవాళ్లను వెంట తీసుకువెళ్లేవారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. మాకు వేడి సిడ్డూ (ఆవిరి మీద ఉడికించిన గోధుమ రొట్టె) నేతితో పెట్టిన ఇల్లాలు తడిసిన బూట్లను పొయ్యి పక్కన ఆరబెట్టి ఇచ్చేవారు. ఏటికి వచ్చినవారికి అలాంటి సేవ ఖరీదైన గది కంటే మేలు.

ఇక నెల. మనవాళ్లు వేసవి సెలవులని మే నెలలో బయలుదేరుతారు. అప్పుడు ఉదయాలు బాగానే ఉన్నా మధ్యాహ్నాలు మంచునీటి పాలవుతాయి, రోడ్లూ గదులూ కిటకిటలాడతాయి. జూలై, ఆగస్టుల్లో వెళ్లనే కూడదు. 2023 జూలై వరదలు కులూ, మండీ జిల్లాలను ఎంతగా దెబ్బతీశాయో అందరూ చూశారు. వానలు వెనుదిరిగాక సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా నీరు తేటగా, తక్కువగా ఉంటుంది. నా మటుకు నేను దసరా సెలవులకే ఓటు వేస్తాను. నవంబరు మొదటి తేదీ నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం, వేట నిషేధం. మిగతా నెలల్లోనూ మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. గాలానికి ఉండే ఎదురుముల్లును నొక్కేసి, చేతులు తడుపుకుని చేపను పట్టి వదిలేస్తే ఏరు పదికాలాల పాటు బాగుంటుంది.

హైదరాబాద్ నుంచి చండీగఢ్ దాకా విమానంలో, అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్లడం నిశ్చింత. కులూ దగ్గరి భుంతర్‌కు వెళ్లే విమానాలు వాతావరణం బాగాలేకపోతే రద్దవుతుంటాయి. మండీ వైపు నుంచి వస్తూ ఆట్ సొరంగానికి ముందే బంజార్ దారిలోకి మళ్లాలి. రాడ్ నాలుగు ముక్కలది అయితే పెట్టెలో ఇమిడిపోతుంది. గాలాలను చేతి సంచిలో పెట్టుకోకుండా లగేజీలోనే వేయాలి.

ఇంకా ఎక్కువ రోజులు కేటాయించగలిగినవారు కశ్మీర్‌లో లిద్దర్ ఏరు గురించి ఆలోచించవచ్చు. అక్కడ ఏటిని బీట్లుగా (వేటకు కేటాయించిన భాగాలుగా) విభజించి, మత్స్యశాఖ వారు ఒక్కొక్క బీటుకు రోజు చొప్పున అనుమతి ఇస్తారు కాబట్టి, బీటు ఖరారైన తరువాతే విమానం టికెట్లు కొనడం మంచిది.