రాత్రి మిగిలిన అన్నం: మామిడికాయ పులిహోరా, పోపన్నమా, చద్దన్నమా?

ఎండాకాలం రాత్రి. భోజనాలయ్యాక ఇద్దరికి సరిపడా అన్నం మిగిలింది. బుట్టలో పచ్చి మామిడికాయలున్నాయి. ఈ అన్నాన్ని పొద్దున్న ఏం చేద్దామని చాలా ఇళ్లలో పొద్దున్న లేచాకే ఆలోచిస్తారు. అప్పటికి సగం ఆలస్యమైపోయినట్టే. పులిహోర కుదురుతుందా, పోపన్నం కుదురుతుందా, చద్దన్నం అవుతుందా అన్నది ఆ అన్నం రాత్రంతా ఎక్కడ, ఎలా ఉందన్నదే తేలుస్తుంది. అందుకని ముందు రాత్రి సంగతి, తర్వాతే రుచుల సంగతి.

కింది కొలతలన్నీ అరకిలో అన్నానికి. అంటే సుమారు 180 గ్రాముల బియ్యం వండితే వచ్చేంత.

పడుకునే ముందు చేయాల్సింది

బియ్యంలో బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. గిన్నె గోరువెచ్చగా ఉన్నంతసేపూ మొలకెత్తి పెరుగుతాయి, పెరుగుతూ ఒక విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా విరగదు. "బాగా వేయించేస్తే ఏం కాదులే" అనుకోవడం అందుకే తప్పు. మూకుడు వేడికి సూక్ష్మజీవి చస్తుంది, అది వదిలిన విషం అలాగే ఉంటుంది. పులుపు కలిపినా అంతే. రాత్రంతా గట్టు మీద ఉన్న అన్నంలో పొద్దున్న మామిడి కోరు వేసినంత మాత్రాన బాగుపడదు.

5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి ఇలాంటి సూక్ష్మజీవులకు అనుకూలం. మే నెలలో మన వంటిళ్లు అర్ధరాత్రి కూడా 30 డిగ్రీలకు తగ్గవు. మూతపెట్టి వదిలేసిన కుక్కర్లో పైఅన్నం చల్లారినా నడిమి ముద్ద గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. కాబట్టి వండిన రెండు గంటల్లోపు రెండు పనుల్లో ఒకటి చేయాలి.

ఒకటి, ఫ్రిజ్. గిన్నెతో అలాగే పెట్టేస్తే లోపలి అన్నం చల్లబడడానికి చాలాసేపు పడుతుంది. వెడల్పు పళ్లెంలో అంగుళం మందాన పరిచి, పావుగంట ఫ్యాను కింద ఆవిరి పోనిచ్చి, డబ్బాలోకి తీసి మూతపెట్టాలి. మర్నాడు వాడేయాలి.

రెండోది, నీళ్లు. మట్టికుండలోగానీ స్టీలు గిన్నెలోగానీ అన్నం వేసి, వేళ్లతో ఉండలు విడదీసి, అన్నం పైన రెండు వేళ్ల ఎత్తున కాచి చల్లార్చిన నీళ్లు పోసి, రెండు పెద్ద చెంచాల పుల్లమజ్జిగ కలపాలి. ఆ మజ్జిగే కీలకం. వట్టి నీళ్లు పోస్తే పులియడం తాపీగా మొదలవుతుంది, ఈలోగా చెడు సూక్ష్మజీవికి వ్యవధి దొరుకుతుంది. మజ్జిగ పడితే నీళ్లు త్వరగా పుల్లబడతాయి, ఆ పులుపులో అది పెరగలేదు. పాతకాలపు తరవాణి కుండలో ఈ పని నిన్నటి తరవాణి, అంటే పులిసిన అన్నపు నీళ్లు, చేసేది. కుండను ఖాళీ చేయకుండా రోజూ కొంత మిగల్చడంలో కిటుకు అదే.

ఈ రెండూ చేయని అన్నం వాసన బాగానే ఉన్నా పారేయడమే. ఆ విషానికి రంగూ వాసనా ఉండవు.

మామిడికాయ పులిహోర

ఫ్రిజ్ అన్నం పులిహోరకు మంచిదని అందరూ అంటారు. సగమే నిజం. చల్లబడిన మెతుకులో పిండిపదార్థం గట్టిపడుతుంది, కాబట్టి కలిపేటప్పుడు చిమిడిపోదు. అది లాభం. అయితే ఆ గట్టి మెతుకు ఉప్పునూ పులుపునూ లోపలికి రానివ్వదు. ఫ్రిజ్‌లోంచి తీసినట్టే కలిపిన పులిహోరలో పైపూత పుల్లగా, మెతుకు చప్పగా ఉండేది ఇందుకే. ముందు అన్నంపై రెండు పెద్ద చెంచాల నీళ్లు చిలకరించి, ఇడ్లీ పాత్రలో గుడ్డ పరిచి ఐదారు నిమిషాలు ఆవిరి పట్టాలి. పొగలు వచ్చేంత వేడెక్కాలి. వెంటనే వెడల్పు పళ్లెంలోకి తీసి చెంచాన్నర ఉప్పు, అర చెంచా పసుపు, ఒక పెద్ద చెంచా నువ్వులనూనె వేసి అట్లకాడతో విడదీయాలి. వేడిమీద పడిన ఉప్పు మెతుక్కి పడుతుంది, నూనె మెతుకుల్ని అంటుకోనివ్వదు.

ఇక కాయ. పులిహోర బాగోగులు సగం దాని చేతిలోనే ఉన్నాయి. నాటుకాయ, చిన్నరసం కాయ పచ్చిగా ఉన్నప్పుడు గట్టి పులుపు, 100 గ్రాముల కోరు చాలు. కలెక్టర్ కాయ, అదే తోతాపురి, ఉప్పూకారం అద్దుకుని తినడానికి బాగుంటుందిగానీ పులిహోరకు చప్పన. బంగినపల్లి కూడా అంతే. వాటితో చేయాల్సి వస్తే 150 గ్రాముల కోరుకు తోడు అరచెక్క నిమ్మరసం పిండాలి. మరీ లేత కాయ వగరు, దోరకాయ తీపి, రెండూ వద్దు. టెంక గట్టిపడి, కండ తెల్లగా ఉన్న కాయ కావాలి. కొలత కన్నా నాలుకను నమ్మడం మేలు. చిటికెడు కోరుకు చిటికెడు ఉప్పు కలిపి నోట్లో వేసుకుంటే కన్ను మూతపడాలి. పడకపోతే కోరు పెంచండి.

పోపుకు స్టీలు బాణలిగానీ నాన్‌స్టిక్‌గానీ తీసుకోవాలి. ఇనుప మూకుట్లో పులుపు పడితే లోహం రుచి వస్తుంది, రంగు నల్లబడుతుంది. రెండు పెద్ద చెంచాల నూనెలో ముందు రెండు పెద్ద చెంచాల వేరుశనగ గుళ్లు సన్నసెగమీద వేయించి తీసి పక్కన పెట్టుకోవాలి. అదే నూనెలో పెద్ద చెంచా శనగపప్పు. అది కాస్త రంగు తిరిగాక చెంచా మినప్పప్పు, ముప్పావు చెంచా ఆవాలు, మూడు ఎండుమిర్చి. చివర చీరిన పచ్చిమిర్చి నాలుగు, రెండు రెబ్బల కరివేపాకు, ఇంగువ. పప్పులన్నీ ఒకేసారి వేస్తే మినప్పప్పు మాడుతుంది, శనగపప్పు మాత్రం పంటికింద రాయిలా మిగులుతుంది.

కోరు పచ్చిగా కలపాలా, పోపులో వేయాలా? వెంటనే తినేదైతే పచ్చిదే బాగుంటుంది, కరకరలాడుతుంది. డబ్బాలో మధ్యాహ్నం దాకా ఉండాలంటే, పొయ్యి కట్టేయబోయే ముందు పోపులో వేసి ఒక్క నిమిషం తిప్పి దించాలి. రెండు నిమిషాలు దాటితే కోరు గుజ్జయి నీరొదులుతుంది, పులిహోర ముద్దగా తేలుతుంది. అన్నం గోరువెచ్చగా అయ్యాకే పోపు కలపాలి. వేరుశనగ గుళ్లు తినే ముందు కలిపితే మెత్తబడవు.

ఆవఘాటు ఇష్టపడేవాళ్లు చెంచా ఆవాలు, ఒక ఎండుమిర్చి కొద్ది నీళ్లతో నూరి, అన్నం పూర్తిగా చల్లారాక కలుపుకోవాలి. వేడిమీద కలిపితే ఘాటు ఎగిరిపోతుంది. చేసిన అరగంటకు గానీ పులిహోర రుచి కుదురుకోదు. అప్పుడు మళ్లీ ఉప్పు చూడండి, తప్పకుండా చిటికెడు తక్కువనిపిస్తుంది.

పోపన్నం

పులిహోరకు అన్నం వేడి చేయాలన్నాం. పోపన్నానికి ఆ పని లేదు, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి అన్నమే కావాలి. ఉండల్ని తడిచేత్తో విడదీస్తే చాలు. ఇక్కడ ఇనుప మూకుడే రాజు.

దీని అసలు బలం వేరే ఉంది. రాత్రి మిగిలిన కూర కూడా ఇందులో చెల్లిపోతుంది. దొండకాయ వేపుడు, బంగాళదుంప వేపుడు, క్యాబేజీ కూర, చిక్కుడుకాయ వంటి పొడికూరలు గిన్నెడు వేసుకోవచ్చు. బీరకాయ, సొరకాయ వంటి నీటికూరలు వేస్తే అన్నం సంకటిలా అవుతుంది. పులుసుకూరల సంగతి చెప్పనే అక్కర్లేదు.

రెండు పెద్ద చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి ఆరు రెబ్బలు, తర్వాత ఒక పెద్ద ఉల్లిపాయ ముక్కలు. ఉల్లిపాయ ఐదారు నిమిషాలు వేగి తడి పూర్తిగా పోవాలి. ఇక్కడ తొందరపడితే ఆ తడే అన్నాన్ని ముద్ద చేస్తుంది. కూర వేసి ఒక నిమిషం, ఆపైన మంట పెంచి అన్నం. అరకిలో అన్నం ఒకేసారి కుమ్మరిస్తే మూకుడు చల్లబడి, వేగాల్సింది ఉడుకుతుంది. సగం సగం వేయించుకోండి. అన్నం పొగలు కక్కేలా వేడెక్కాకే దించాలి. కూరలో ఉప్పూ కారం ఉన్నాయి కాబట్టి కొత్తగా అర చెంచా ఉప్పుతో మొదలుపెట్టాలి. గుడ్డు వేసేవాళ్లు దాన్ని విడిగా పొరటులా చేసుకుని చివర్లో కలిపితే అన్నం జిగటెక్కదు.

రాయలసీమలో దాదాపు ఇదే పోపులో కూర బదులు నిమ్మకాయ పిండి చిత్రాన్నం చేస్తారు. మామిడి రోజుల్లో ఆ నిమ్మ స్థానంలో గుప్పెడు మామిడి కోరు వేస్తే పులిహోరకూ పోపన్నానికీ మధ్యస్తంగా ఉంటుంది. ఇనుప మూకుడు కాబట్టి అన్నాన్ని వేరే గిన్నెలోకి తీశాకే కోరు కలపండి.

చద్దన్నం

దీని పని రాత్రే అయిపోయింది. వేసవిలో ఆరేడు గంటలు, చలికాలంలో పది పన్నెండు గంటలు చాలు. పొద్దున్న గరిటెతో కలిపితే నీళ్లు పల్చటి గంజిలా తెల్లబడి, కమ్మటి పుల్లవాసన రావాలి. నీళ్లు తీగలు సాగినా, పాచివాసన వచ్చినా, పైన గులాబీ రంగో నలుపో కనిపించినా పారబోయాలి. బాగుంటే మెతుకుల్ని చేత్తో కాస్త మెదిపి ఉప్పు, గ్లాసు చిక్కటి మజ్జిగ కలుపుకోవాలి. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, లేదా చల్లమిరపకాయలు. మామిడికాయ ఇక్కడికీ వస్తుంది. సన్నగా తరిగిన ముక్కలకు ఉప్పూ కారం పట్టించి పావుగంట ఊరనిస్తే ఆవకాయ అవసరమే ఉండదు. తెలంగాణలో సద్ది అన్నా, కోస్తాలో చల్ది అన్నా వ్యవహారం ఇదే.

దీనికి కుక్కర్‌లో మెత్తగా ఉడికిన అన్నమే నయం. వార్చిన పొడి అన్నం, బాస్మతి నీళ్లలో విడివిడిగా తేలతాయి, గంజి దిగదు. ఫ్రిజ్‌లో రోజంతా ఉన్న అన్నాన్ని తెచ్చి నానబెట్టినా మెతుకు కాస్త పలుగ్గానే ఉంటుంది. చలిదేశాల్లో ఉన్నవాళ్ల వంటింట్లో 20 డిగ్రీలే ఉంటే రాత్రికి రాత్రి సరిగా పులియదు. ఓవెన్‌లో దీపం మాత్రం వెలిగించి లోపల పెట్టుకోవచ్చు.

చద్దన్నంలో ఇనుము పదుల రెట్లు పెరుగుతుందని ఫోన్లలో తిరిగే మాటను పక్కన పెట్టండి. పులిస్తే ఉన్న ఇనుము ఒంటికి మెరుగ్గా పట్టొచ్చు, లేని ఇనుము గిన్నెలో పుట్టదు. తెల్లబియ్యంలో ఉండేదే బహు కొంచెం. ఎండలో పనికి వెళ్లేవాళ్లకు ఇది పనికొచ్చేది అందులోని నీళ్లకూ ఉప్పుకూ. పసిపిల్లలకు, గర్భిణులకు, జబ్బుపడి లేచినవాళ్లకు మాత్రం ఇది పెట్టకపోవడమే క్షేమం.

మరి ఏది?

మధ్యాహ్నం డబ్బాలోకి అయితే మామిడికాయ పులిహోరే, మరో మాట లేదు. పులుపు బాగా పట్టిన అన్నం మిగతావాటికన్నా ఆలస్యంగా పాడవుతుంది. ప్రయాణాలకు పులిహోర కట్టుకోవడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. అయితే అరగంట పని, మూడు పెద్ద చెంచాల నూనె. పోపన్నం పావుగంటలో అవుతుంది, పొయ్యిమీంచి దించగానే తినాలి. డబ్బాలో ఉల్లిపాయ చెమ్మగిల్లి మూత తీయగానే వాసన కొడుతుంది. గుడ్డు వేసిందైతే డబ్బాకు అసలే వద్దు.

ఇంట్లోనే తినేవాళ్లకు, ఎండ మాడుతున్న రోజుల్లో, చద్దన్నానికే నా ఓటు. నూనె లేదు, పొద్దున్న పొయ్యి వెలిగించే పని లేదు. కానీ ముందురాత్రి గుర్తుంటేనే. గుర్తులేక ఫ్రిజ్‌లో తోసేసి ఉంటే, కూర మిగిలితే పోపన్నం, కాయ పుల్లగా ఉంటే పులిహోర. పులిహోర కోసం చప్పటి కలెక్టర్ కాయతో కుస్తీ పట్టే బదులు ఆ రోజుకి పోపన్నం చేసుకుని కాయను ముక్కలు కోసి నంజుకోవడమే తెలివైన పని.

పెళ్లో వ్రతమో అయి కిలోలకొద్దీ మిగిలితే ఈ మూడూ చాలవు. ఎండ గట్టిగా ఉంటే వడియాలు పెట్టేయండి. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నాన్ని పొద్దున్నే ఆవిరిపట్టి, కిలోకు రెండు చెంచాల ఉప్పు, ఆరేడు పచ్చిమిర్చి ముద్ద, చెంచా జీలకర్ర వేసి మెత్తగా మెదపాలి. ఎండితే ఉప్పు చిక్కబడుతుంది కాబట్టి పిండి నోటికి కాస్త చప్పగానే ఉండాలి. ఎనిమిదింటికల్లా గుడ్డమీద చిన్న చిన్నగా పెట్టేస్తే సాయంత్రానికి పైన పొర కడుతుంది. రెండో రోజు తిరగేసి, మూడో రోజు విరిస్తే టప్‌మని విరిగేదాకా ఎండనివ్వాలి. విరగకుండా వంగితే లోపల తడి ఉన్నట్టే, డబ్బాకెత్తితే బూజు పడుతుంది.