ఫాల్స్ చర్చ్ సిటీనా, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీనా: పిల్లల చదువుకు ఏది మేలు?

ఉత్తర వర్జీనియాలో ఇల్లు వెతికే మనవాళ్ళు ఒక పొరపాటు తరచుగా చేస్తారు. అడ్రసులో ఫాల్స్ చర్చ్ అని కనపడగానే పిల్లలు ఫాల్స్ చర్చ్ సిటీ బడికి వెళ్తారనుకుంటారు. 22042, 22044 జిప్ కోడ్లలో ఇళ్ళకు పోస్టాఫీసు పెట్టిన ఊరి పేరు ఫాల్స్ చర్చే, కానీ ఆ ఇళ్ళున్నది ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో. ఫాల్స్ చర్చ్ హైస్కూల్ అని బోర్డున్న బడి కూడా కౌంటీదే. సిటీ హైస్కూల్ పేరు మెరిడియన్. కాబట్టి బయానా ఇచ్చే ముందు ఆ ఇంటి ప్రాపర్టీ టాక్స్ ఎవరికి కడతారో అడగండి. సిటీకి కడితే బడి సిటీది, కౌంటీకి కడితే కౌంటీది.

పక్కపక్కనే ఉన్నా ఈ రెండింటి పరిమాణంలో తేడా చాలా పెద్దది. ఫాల్స్ చర్చ్ సిటీ వైశాల్యం రెండు చదరపు మైళ్ళకు కాస్త ఎక్కువ. 2020 జనాభా లెక్కల ప్రకారం జనం 14,658. బడి పిల్లలు రెండున్నర వేల పైచిలుకు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ జనాభా పదకొండున్నర లక్షలు, బడి పిల్లలు సుమారు 1,80,000 మంది, బడులు దాదాపు 200. ఆ సిటీలో ఉన్న మొత్తం జనం కంటే ఈ కౌంటీలో ఉద్యోగం చేసే టీచర్లు, ఇతర సిబ్బందే ఎక్కువ.

ముందు పాలన సంగతి చూద్దాం. ఫెయిర్‌ఫాక్స్ స్కూల్ బోర్డులో 12 మంది సభ్యులు. తొమ్మిది మంది తొమ్మిది ప్రాంతాల నుంచి, ముగ్గురు కౌంటీ మొత్తం మీద ఎన్నికవుతారు. అంటే ఒక్కో ప్రాంతీయ సభ్యుడి కింద లక్షా పాతిక వేలకు పైగా జనం. ఫాల్స్ చర్చ్ బోర్డులో ఏడుగురు, అందరినీ ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది. లెక్క వేస్తే ఒక్కొక్కరికి రెండు వేల చిల్లర మంది. ఆ బోర్డు సభ్యుడు శనివారం రైతుల సంతలో కూరగాయలు కొంటూ మీకు ఎదురుపడే అవకాశం నిజంగా ఉంది. ఫెయిర్‌ఫాక్స్‌లో మీ సమస్య బోర్డు దాకా వెళ్ళాలంటే ప్రిన్సిపాల్, ప్రాంతీయ ఆఫీసు, సెంట్రల్ ఆఫీసు అనే మెట్లు ఎక్కాలి. దీన్ని కౌంటీ తప్పు అనలేం. లక్షా ఎనభై వేల మంది పిల్లల్ని నడపాలంటే మెట్లు లేకుండా కుదరదు.

డబ్బు దగ్గరకొచ్చేసరికి మాత్రం రెండు బోర్డుల పరిస్థితీ ఒకటే. వర్జీనియాలో స్కూల్ బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో కొన్నాళ్ళు ఉండి వచ్చినవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. అక్కడ టాక్స్ బిల్లులో స్కూల్ పన్ను విడిగా కనపడుతుంది. ఇక్కడ బోర్డు బడ్జెట్ తయారు చేసి, డబ్బివ్వమని సిటీలో కౌన్సిల్‌ను, కౌంటీలో సూపర్‌వైజర్ల బోర్డును అడగాలి. బడికి ఏం కావాలో ఒకరు చెప్తారు, ఎంత ఇవ్వాలో ఇంకొకరు తేలుస్తారు. అడిగింది, ఇచ్చింది ఒకటి కాకపోతే మే నెలలో కోతలు మొదలవుతాయి. ఫెయిర్‌ఫాక్స్‌లో ఏటా వసంతంలో టీచర్ల జీతాల మీద ఈ లాగులాట వార్తల్లో ఉంటుంది. ఫాల్స్ చర్చ్‌లో కౌన్సిల్‌లో ఏడుగురు, స్కూల్ బోర్డులో ఏడుగురు. పద్నాలుగు మంది ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోగలరు. చిన్నదానికి ఉన్న అసలు బలం నా దృష్టిలో ఇదే. రేటింగ్ సైట్లలో కనపడే అంకెల్లో ఇది ఎక్కడా ఉండదు.

రాష్ట్రం ఇచ్చే సాయం గురించి కూడా కొంచెం తెలుసుకోవాలి. స్థానికులకు ఎంత స్తోమత ఉందో చూసి రాష్ట్రం ఒక సూచీ లెక్క కడుతుంది. దాని పరిమితి 0.8. రాష్ట్రం నిర్ణయించిన కనీస ప్రమాణాల ఖర్చులో ఎనభై శాతం స్థానికులే భరించాలని ఆ అంకెకు అర్థం. ఫాల్స్ చర్చ్ ఆ పరిమితి దగ్గరే ఉంది. ఫెయిర్‌ఫాక్స్ 0.65 ప్రాంతంలో ఉంటుంది. అంటే రాష్ట్ర రాజధాని రిచ్మండ్ నుంచి రెండింటికీ పెద్దగా ఏమీ రాదు, చిన్నదానికి మరీ తక్కువ. పైగా వర్జీనియా బడులకు ఒక్కో విద్యార్థికి అందే డబ్బు 50 రాష్ట్రాల సగటు కంటే 14 శాతం తక్కువని ఆ రాష్ట్ర శాసనసభ పరిశీలన సంఘమే 2023లో చెప్పింది. ఆ లోటు పూడ్చేది ఇంటి పన్ను కట్టేవాళ్ళు.

ఆ పన్ను ఎంతో చూద్దాం. 2025 ఆర్థిక సంవత్సరానికి 100 డాలర్ల ఇంటి విలువకు ఫాల్స్ చర్చ్‌లో 1.21 డాలర్లు, ఫెయిర్‌ఫాక్స్‌లో 1.125 డాలర్లు. 8 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 9,680, 9,000 అన్నమాట. తేడా 680 డాలర్లు. బడి కోసం ఇది పెద్ద మొత్తమేం కాదనిపిస్తుంది. అసలు తేడా ఇంటి ధరలో ఉంది. సిటీ గీత లోపల అదే సైజు ఇల్లు కొనాలంటే బాగా ఎక్కువ పెట్టాలి, అమ్మకానికి వచ్చేవీ తక్కువ.

చదువు నడిచే తీరులో ఫాల్స్ చర్చ్‌లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. అక్కడ అటెండెన్స్ జోన్ల గొడవే లేదు. కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి దాకా ఊళ్ళో పిల్లలందరూ మౌంట్ డేనియల్‌లో, మూడు నుంచి ఐదు ఓక్ స్ట్రీట్‌లో, ఆరు నుంచి ఎనిమిది మేరీ ఎలెన్ హెండర్సన్‌లో, ఆపైన మెరిడియన్‌లో. డాక్టరు పిల్లాడు, హోటల్లో పనిచేసే ఆమె కూతురు ఒకే క్లాసులో కూర్చుంటారు. ఫెయిర్‌ఫాక్స్‌లో మీ వీధి ఏ బడి కిందికి వస్తుందన్నదే పెద్ద టెన్షన్. దాదాపు 40 ఏళ్ళలో మొదటిసారిగా కౌంటీ మొత్తానికి సరిహద్దుల సమీక్ష 2024లో మొదలైంది. బడిని చూసి ఇల్లు కొన్నవాళ్ళకు అప్పటినుంచి నిద్ర పట్టలేదు. మీరు కౌంటీలో కొంటుంటే ఇవాళ ఉన్న జోన్ పదేళ్ళూ ఉంటుందని లెక్క వేసుకోకండి.

ఇక పెద్దదాని బలాల దగ్గరకు వద్దాం. మూడో తరగతి నుంచి అడ్వాన్స్‌డ్ అకడమిక్ సెంటర్లు, ఇంటి భాషలో పరీక్ష రాసి హైస్కూల్ క్రెడిట్ తెచ్చుకునే ఏర్పాటు (ఆ ఏడాది జాబితాలో తెలుగు ఉందో లేదో చూసుకోండి), రకరకాల వృత్తి విద్యా కోర్సులు, పెద్ద ఆర్కెస్ట్రాలు, రోబోటిక్స్ జట్లు. ఇవన్నీ సంఖ్య ఉంటేనే సాధ్యం. ఆటిజం ఉన్న పిల్లలకైనా, మాట ఆలస్యమైన పిల్లలకైనా ప్రత్యేక నిపుణులు కావాలంటే పెద్ద వ్యవస్థలో నలుగురుంటారు, ఒకరు మానేసినా ఇంకొకరు దొరుకుతారు. చిన్న చోట ఆ ఒక్క థెరపిస్టు ఊరు మారితే మీ పిల్లాడి సర్వీసు ఆగిపోయే ప్రమాదం ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలున్న కుటుంబాలకు నేను నిస్సంకోచంగా కౌంటీయే చెప్తాను. చిన్న బడి కాబట్టి ప్రేమగా చూస్తారన్న మాట నిజమే, కానీ నిపుణులు లేని చోట ప్రేమ ఒక్కటే సరిపోదు.

అయితే మెరిడియన్‌ను తక్కువగా చూడకండి. అది జార్జ్ మేసన్ హైస్కూల్‌గా ఉన్నప్పుడు, 1980ల మొదట్లోనే, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియేట్) కార్యక్రమం మొదలుపెట్టింది. అమెరికాలో ఆ దారిలో ముందు నడిచిన పబ్లిక్ స్కూళ్ళలో అదొకటి. ఇప్పుడున్న భవనానికి 2017 నవంబరులో ఓటర్లు 12 కోట్ల డాలర్ల బాండును ఆమోదించారు. పదిహేను వేల జనం లేని ఊరు అంత అప్పు నెత్తిన పెట్టుకుంది. బడి స్థలంలో కొంత భాగాన్ని వ్యాపార సముదాయానికి లీజుకిచ్చి, ఆ రాబడితో అప్పు భారం తగ్గించుకునే ఏర్పాటు చేసుకున్నారు. ఇంకో చిత్రం, ఆ హైస్కూల్ ఉన్న నేల 2014 దాకా సిటీలోనే లేదు, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉండేది. సిటీ తన నీటి సరఫరా వ్యవస్థను అమ్మిన ఒప్పందంలో భాగంగా ఆ నేల సిటీ గీతలోకి వచ్చింది. అక్కడివాళ్ళు బడి కోసం ఎంత దూరమైనా వెళ్తారు. 1948లో కౌంటీ నుంచి విడిపోయి స్వతంత్ర నగరం కావడానికి ముఖ్య కారణం కూడా బడులను తమ చేతిలో ఉంచుకోవాలనే.

ఫలితాల విషయంలో జాగ్రత్త కావాలి. రాష్ట్ర పరీక్షల పాస్ శాతంలో ఫాల్స్ చర్చ్ పై వరుసలో ఉంటుంది, ఫెయిర్‌ఫాక్స్ సగటు దానికంటే కింద ఉంటుంది. దాన్నిబట్టి చిన్నదే మేలు అనేస్తే తప్పు. ఫాల్స్ చర్చ్‌లో పేద కుటుంబాల పిల్లలు చాలా తక్కువ. ఫెయిర్‌ఫాక్స్‌లో ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళనుంచి వస్తారు, కొత్తగా ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు వేల మంది. పోల్చాలంటే మెరిడియన్‌ను పక్కనే ఉన్న, కౌంటీదైన మెక్లీన్ హైస్కూల్‌తో పోల్చాలి. అప్పుడు తేడా పెద్దగా మిగలదు.

న్యాయం మాట కూడా చెప్పకుండా ఉండలేను. ఫెయిర్‌ఫాక్స్‌లో ధనికులుండే గ్రేట్ ఫాల్స్ భవనాల పన్ను, రూట్ 1 వెంట అపార్ట్‌మెంట్ల పిల్లల బడికి కూడా వెళ్తుంది. చిన్న సిటీలో సిటీ డబ్బు సిటీ పిల్లలకే. అమెరికా అంతా రెండు చదరపు మైళ్ళ ముక్కలైతే పేద ఊళ్ళ బడుల గతి ఏమిటి? అలాగని పెద్దగా ఉంటే పంపకం దానంతటదే సమంగా జరగదు. ఫాల్స్ చర్చ్ మిడిల్ స్కూల్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ మేరీ ఎలెన్ హెండర్సన్, వర్ణవివక్ష కాలంలో ఫాల్స్ చర్చ్‌లో నల్లజాతి పిల్లల రెండు గదుల బడిలో టీచర్. ఆ బడి ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పాలనలోనే ఉండేది. మంచి భవనం కోసం ఆమె ఏళ్ళ తరబడి లెక్కలు చూపించి పోరాడితే, 1948లో జేమ్స్ లీ బడి వచ్చింది. పెద్ద కౌంటీ చేతిలో డబ్బుంది, ఆ పిల్లల తల్లిదండ్రుల మాటకు మాత్రం విలువ లేదు.

మధ్యే మార్గం కావాలంటే ఫెయిర్‌ఫాక్స్ సిటీ ఉంది. పేరు కౌంటీదే, కానీ 1961 నుంచి స్వతంత్ర నగరం. భవనాలు సిటీవి, సొంత స్కూల్ బోర్డు ఉంది, చదువు నడిపేది మాత్రం ఒప్పందం మీద కౌంటీ. నాలుగు బడులున్న ఈ ఊరి పిల్లలకు కౌంటీ కార్యక్రమాలన్నీ అందుతాయి. మనవాళ్ళ చూపు దీని మీద ఎందుకో పడదు.

సైన్స్, టెక్నాలజీకి పేరుపడ్డ, పోటీ మీద సీట్లిచ్చే పబ్లిక్ బడి థామస్ జెఫర్సన్ హైస్కూల్ కోసమే ఇల్లు కొంటున్నామనే వాళ్ళకు ఒక మాట. 2020 అక్టోబరులో ప్రవేశ పరీక్ష తీసేశారు. ఒక్కో మిడిల్ స్కూల్‌లో ఎనిమిదో తరగతి పిల్లల సంఖ్యలో 1.5 శాతానికి సీట్లు కేటాయించారు. దానిమీద వేసిన కేసును 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. పోటీ ఎక్కువున్న మిడిల్ స్కూల్ పక్కన ఇల్లు కొనడం వల్ల ఇప్పుడు లాభం కంటే నష్టమే ఉండొచ్చు.

నా మటుకు నేను ఎంచుకోవాలంటే, ప్రత్యేక అవసరం ఏదీ లేని, జనంలో కలవడానికి కాస్త బెరుకుపడే పిల్లకు ఫాల్స్ చర్చ్ సిటీ, ఇల్లు కొనలేకపోతే అద్దెకైనా సరే. మిగతా అందరికీ కౌంటీ. మన కుటుంబాల్లో చాలామంది ఇంకా హెచ్1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నారు, పన్ను కడతారు, ఓటు లేదు. ఓటు లేకపోయినా బడ్జెట్ విచారణలో లేచి మాట్లాడొచ్చు. ఫెయిర్‌ఫాక్స్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి, పోటీ ఉంటుంది. ఫాల్స్ చర్చ్‌లో వెళ్తే వింటారు, మరుసటి నెల మీ పేరు కూడా గుర్తుంటుంది.