పన్నెండేళ్ళుగా మా ఇంట్లో ఉన్న నాలుగు తపాలా బిళ్ళల షీట్లు

ఒహాయో రాష్ట్రం కొలంబస్‌కు కాపురం మార్చిన మరుసటి ఏడాది, 2013లో, పాత తపాలా బిళ్ళలు అమ్మే ఒక చిన్న ప్రదర్శనకు వెళ్ళి నాలుగు అమెరికా షీట్లు కొన్నాను. ఒక్కో షీటులో 50 బిళ్ళలు. 1976లో వచ్చిన రాష్ట్రాల జెండాలు, 1982 నాటి రాష్ట్ర పక్షులు, పూలు, 1987 నాటి వన్యప్రాణులు, 1992 నాటి అడవి పూలు. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్ళు. బొమ్మలు చూపించి నాలుగు పేర్లు నేర్పుదామన్నదే అసలు ఉద్దేశం. తీరా ఈ పన్నెండేళ్ళలో అవి గోడకు పటాలయ్యాయి, పెరట్లో వాలిన పిట్టను గుర్తుపట్టడానికి ఆధారమయ్యాయి, నూజివీడులో ఉన్న మా నాన్నగారికి రాసే ఉత్తరాల మీద స్టాంపులయ్యాయి.

నాలుగింటిలో నా ఓటు 1982 షీటుకే. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో బిళ్ళ, అందులో ఆ రాష్ట్రపు అధికారిక పక్షి, పువ్వు కలిసి ఉంటాయి. పక్షులను ఆర్థర్ సింగర్, పూలను ఆయన కుమారుడు ఆలన్ సింగర్ గీశారు. ఒకే అంగుళం చోటులో తండ్రి పిట్ట, కొడుకు పువ్వు. ఎవరి గీత ఎక్కడ ఆగిందో భూతద్దం పెట్టి వెతికినా నాకు దొరకలేదు. మా ఒహాయో బిళ్ళలో ఎర్రని కార్డినల్ పిట్ట, పక్కన ఎర్రటి కార్నేషన్ పువ్వు. మంచు కురిసే జనవరిలో మా కిటికీ బయట గింజల డబ్బా మీద వాలేది ఆ పిట్టే. చుట్టూ తెలుపు, మధ్యలో ఆ ఎరుపు. అమ్మాయి కుర్చీ ఎక్కి బిళ్ళను, పిట్టను మార్చి మార్చి చూసేది.

కొన్నాళ్ళకు తనే ఒక సంగతి పట్టుకుంది. షీటులో కార్డినల్ ఒక్కచోటే లేదు, ఏడు చోట్ల ఉంది. ఇల్లినాయ్, ఇండియానా, కెంటకీ, నార్త్ కరోలినా, ఒహాయో, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, ఈ ఏడు రాష్ట్రాల పక్షీ అదే. మెడోలార్క్ ఆరు రాష్ట్రాలకు, మాకింగ్‌బర్డ్ అయిదింటికి. చిత్రకారుడు పని తేలిక చేసుకోలేదు. ఒకసారి గీసిన కార్డినల్‌నే ఏడుసార్లు అచ్చు వేసి సరిపెట్టలేదు. ఏడు పిట్టలకూ ఏడు బొమ్మలు. వర్జీనియాలో డాగ్‌వుడ్ పూల దగ్గర ఒకలా, ఇల్లినాయ్‌లో వయొలెట్ పూల దగ్గర మరొకలా ఉంటుంది. మన పాలపిట్ట తెలంగాణకూ కర్ణాటకకూ కూడా రాష్ట్ర పక్షేనని, విభజనకు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దీ అదేనని, ఇప్పుడు ఆంధ్రకు రామచిలుక వచ్చిందని ఆ రోజే అమ్మాయికి చెప్పాను. ఆ మాట చెప్పే సందర్భం ఈ షీటు లేకపోతే వచ్చేదా అంటే, రాదనే అనుకుంటాను.

డెలావేర్ బిళ్ళ మీద కోడి ఉంటుంది. రోడ్ ఐలండ్ బిళ్ళ మీదా కోడే. డెలావేర్ కోడికి ఒక కథ ఉంది. స్వాతంత్ర్య యుద్ధంలో ఆ ప్రాంతపు సైనికులు పందెం కోళ్ళను వెంట తీసుకువెళ్ళారని, పోరాటంలో వాళ్ళు కూడా ఆ కోళ్ళలాంటివాళ్ళేనని పేరు తెచ్చుకున్నారని అక్కడ చెప్పుకుంటారు. ఆ బిళ్ళ అంటించి నాన్నగారికి ఉత్తరం రాశాను. ఆయన జవాబులో ఇంటి క్షేమసమాచారం కంటే ముందు వచ్చిన ప్రశ్న: "ఇది కాకా, మైలా? బిళ్ళ మరీ చిన్నది, ఈక రంగు తేలడం లేదు." ఈక రంగును బట్టి పందెం కోళ్ళకు పెట్టే పేర్లవి. కృష్ణా జిల్లాలో సంక్రాంతి చూసినవాళ్ళకు ఆ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తెలుసు. నిజంగానే ఆ కొలతలో అది తేలదు.

1987 షీటు గీసింది చక్ రిపర్. దీన్ని టొరంటోలో జరిగిన అంతర్జాతీయ తపాలా బిళ్ళల ప్రదర్శనలో విడుదల చేశారు. ఎలుగుబంటి, తోడేలు, దుప్పి, నీటికుక్క, రకూన్, మొనార్క్ సీతాకోకచిలుక, చివరికి ఆరుద్ర పురుగంత లేడీబగ్ కూడా ఉన్నాయి. పసిఫిక్ నడుమ హవాయిలో తప్ప ఎక్కడా కనబడని ఈవీ పిట్టను ఉత్తర అమెరికా ప్రాణుల్లో ఎందుకు కలిపారన్నది నా చిన్న అభ్యంతరం. ఈ షీటులో నాకు దగ్గరైన బిళ్ళ బ్లూ జే. చిన్నప్పుడు పాలపిట్టను ఇంగ్లీషులో బ్లూ జే అంటారని మాకు చెప్పారు. దసరా నాడు జమ్మిచెట్టుకు వెళ్ళే దారిలో దాని కోసం కళ్ళు కాయలు కాసేలా చూసినవాణ్ణి. ఇక్కడ అసలు బ్లూ జే కనబడగానే తెల్లబోయాను. తల మీద కుచ్చు, మెడ చుట్టూ నల్లని గీత, కాకి బంధువు. రెండు పిట్టలకూ నీలం రంగు తప్ప చుట్టరికమే లేదు. ఆ బిళ్ళను నేను ఏ ఉత్తరానికీ వాడలేదు.

అదే షీటులో నల్లకాళ్ళ ఫెరెట్ ఉంది. ముంగిస పోలిక, కళ్ళకు గంతలు కట్టినట్టు నల్లని పట్టీ. ఏళ్ళ తరబడి అందరిలాగే నేనూ దాన్ని దాటి వెళ్ళాను. అమ్మాయికి బడిలో ఇచ్చిన పని కోసం చదివినప్పుడు గాని దాని సంగతి తెలియలేదు. ఆ జీవి తిండికి దాదాపు పూర్తిగా ప్రెయిరీ డాగ్ అనే నేల ఉడుత మీదే ఆధారపడుతుంది. పశువుల మేత తినేస్తున్నాయని ఆ ఉడుతలకు విషం పెట్టారు. రోగాలూ తోడయ్యాయి. ఫెరెట్ ఇక లేదనుకున్న రోజుల్లో, 1981లో, వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర ఒక పెంపుడు కుక్క చచ్చిన ఫెరెట్‌ను నోట కరచుకుని ఇంటికి తెచ్చింది. అలా కొన్ని మిగిలాయని తెలిసింది. 1987 తొలి నెలలకల్లా ఆఖరిదాన్ని కూడా పట్టి సంరక్షణలోకి తీసుకున్నారు. అన్నీ కలిపి 18. బిళ్ళ వెలువడింది అదే ఏడాది జూన్ 13న. అంటే ఈ బొమ్మ జనం చేతికి వచ్చేనాటికి తెలిసినంతలో అడవిలో ఆ ప్రాణి ఒక్కటీ లేదు. 1991 నుంచి మళ్ళీ అడవిలో వదులుతున్నారు. అది తినే ప్రెయిరీ డాగ్ కూడా ఇదే షీటులో ఉంది. ఆ రెండు బిళ్ళలూ ఇప్పుడు అమ్మాయి బల్ల మీద, ఒకే చట్రంలో ఉన్నాయి.

జెండాల షీటు కొన్నప్పుడు నాకు పెద్దగా ఆసక్తి లేదు. డెలావేర్‌తో మొదలుపెట్టి, రాష్ట్రాలు సమాఖ్యలో చేరిన వరుసలో 50 జెండాలు. కాలం గడిచేకొద్దీ దాని విలువ పెరిగింది. జార్జియా జెండాలో అంతర్యుద్ధం నాటి కాన్ఫెడరేట్ గుర్తు, అంటే బానిసత్వం నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల గుర్తు, కనిపిస్తుంది. 2001లో దాన్ని మార్చారు. మిసిసిపీ జెండాలోనూ అదే గుర్తు, అక్కడ 2020లో తొలగించారు. మిన్నెసోటా 2024లో కొత్త జెండా ఎగరేసింది. నా షీటులో ఉన్నవి ఆ పాతవే. ఆ కాన్ఫెడరేట్ గుర్తు ఎందుకుంది, ఎవరిని నొప్పించింది, ఎందుకు తీసేశారు అని పిల్ల అడిగితే దాటవేయకూడదు. మేము ఒక ఆదివారం సాయంత్రమంతా దాని గురించే మాట్లాడుకున్నాం.

అడవి పూల షీటు అందంగా ఉంటుంది, అంతవరకే. బొమ్మలు ఒకదాన్నొకటి పోలి ఉండటంతో మేము దాన్ని తక్కువగా తీశాం.

ఇక ఇబ్బందులు. అన్ని షీట్లలోనూ పేర్ల అక్షరాలు మరీ చిన్నవి. నలభై దాటినవారికి భూతద్దం తప్పదు. ఇవి వెనుక జిగురు పూసిన పాత పద్ధతి బిళ్ళలు, తడి చేసి అంటించాలి. ఒకసారి వేసవిలో వన్యప్రాణుల షీటు నూజివీడు తీసుకెళ్ళి బీరువాలో పెడితే, ఆ ఉక్కకు జిగురు కరిగి కాగితానికి అతుక్కుపోయింది. విడదీయబోతే ఎలుగుబంటి చిరిగింది. మధ్యలో మైనపు కాగితం పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది. నేను కొన్న జెండాల షీటు చిల్లుల వరుస వెంబడి మడిచి ఉంది. అమ్మినతను ఆ మాట చెప్పలేదు. విప్పి చూసి కొనండి.

వాడుక మాటకొస్తే, ఇవన్నీ ఇప్పటికీ చెల్లుతాయి, ముఖవిలువ మేరకు. ఒకసారి కౌంటరులో ఉన్నాయన ఇవి పాతవి, పనికిరావని వెనక్కి ఇచ్చాడు. ఇంకొకరిని అడిగి చూడమని ఓపికగా చెప్పాక తీసుకున్నాడు. భారతదేశానికి ఉత్తరం ధర 1.65 డాలర్లు ఉన్నప్పుడు 20 సెంట్ల పిట్టలు అయిదు, 13 సెంట్ల జెండాలు అయిదు పెడితే లెక్క సరిగ్గా సరిపోయేది. కవరు మీద చిరునామాకు చోటు మిగలక వెనుక కూడా అంటించేవాళ్ళం. ఏ అయిదు పిట్టలు వెళ్ళాలో ఎంచడం అమ్మాయి పని. పిట్టల షీటు ఇప్పుడు దొరికినా ముఖవిలువకు, అంటే పది డాలర్లకు, అటూఇటూగా వస్తుంది. కొనేవారు రెండు తీసుకోండి. మేము ఒకటే తీసుకుని చింపుకుంటూ పోయాం, డెలావేర్ కోడి పోయింది. నాన్నగారు ఆ కవరు దాచారో లేదో ఈసారి వెళ్ళినప్పుడు అడగాలి.