తెలుగు పేర్లకు ఏ హ్యాష్ మేలు?

భీమవరంలో రొయ్యల మేత డీలరుకైనా, తణుకులో రైస్ మిల్లుకైనా లెక్కల ప్రోగ్రాం రాస్తే చివరికి పని ఒక్కటే. రైతుల పేర్లు, ఊళ్ల పేర్లు వేలల్లో ఉంటాయి, అడిగిన పేరు చటుక్కున దొరకాలి. అందుకు పేరును ఒక సంఖ్యగా మార్చే హ్యాష్ ఫంక్షన్ కావాలి. రహస్యాలు కాపాడే ఎస్‌హెచ్ఏ-256 లాంటివి ఈ పనికి బరువు. తేలికవాటిలో ఏది తీసుకోవాలన్నదే ప్రశ్న. దీనికి జవాబు మన లిపిని చూసి చెప్పాలి, ఇంగ్లీషు పదాలతో చేసిన పరీక్షలు చూసి కాదు.

కంప్యూటర్ అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224. రెండోది 176 లేదా 177. మూడోదే అసలు తేడా చూపిస్తుంది. ‘పాలకొల్లు’కు 27 బైట్లు పడతాయి, అందులో 18 దాదాపు ఒకేలా ఉంటాయి.

ముందు డీజేబీ2. డేనియల్ బెర్న్‌స్టయిన్ పేరు మీద వచ్చింది, 5381తో మొదలై ప్రతి బైటుకూ 33తో గుణించి కూడుతుంది. రెండు లైన్ల కోడ్ కాబట్టి పాఠాల్లో, పాత ప్రోగ్రాముల్లో ఎక్కడ చూసినా ఇదే. తెలుగుకు మాత్రం నేను దీన్ని వద్దంటాను. ‘న’ చివరి రెండు బైట్లు 176, 168. ‘ే’ గుర్తువి 177, 135. మొదటిదాన్ని 33తో గుణించి రెండోదాన్ని కూడి చూడండి, రెండింటికీ 5976 వస్తుంది. అంటే ‘వనరు’, ‘వేరు’ ఒకే హ్యాష్. ‘పనలు’, ‘పేలు’ కూడా అంతే. ‘డ’కు, ‘ీ’కి ఇదే చిక్కు, అందుకే ‘వడలు’, ‘వీలు’ ఒకటైపోతాయి. హ్యాష్ సైజు 32 బిట్ల నుంచి 64కు మారినా ఈ ఢీ తప్పదు. ఈ సంఖ్యను బట్టి పేర్లను దాచే టేబుల్, వెతికేటప్పుడు అసలు పేరును కూడా పోల్చి చూస్తుంది కాబట్టి మామూలుగా వెతుకులాట కొంత నెమ్మదిస్తుంది, అంతే. కానీ ఆ సంఖ్యనే ఖాతా నంబరుగా వాడితే ఒకరి బాకీ ఇంకొకరి పద్దులో పడుతుంది. ఏ హ్యాష్‌తోనూ ఆ పని చేయకూడదు, దీనితో అసలే వద్దు.

ఎఫ్ఎన్‌వీ-1ఏ కూడా అంతే చిన్నది. బైటును ఎక్సార్ చేసి (అంటే బిట్లు వేరైన చోట 1, ఒకటైన చోట 0 పెట్టి), తర్వాత గుణిస్తుంది. 32 బిట్ల రకంలో గుణకం 16777619, అంత పెద్దది కాబట్టి పై జంటలు ఇక్కడ కలవవు. లోటల్లా వేగమే. బైటుకో గుణకారం, ఒకటి ముగిస్తేగాని రెండోది మొదలవదు. ‘పాలకొల్లు’కు 27 గుణకారాలు. బయటి లైబ్రరీ పెట్టలేని చిన్న పరికరంలో, ఉదాహరణకు చెరువు గట్టు మీది సెన్సర్ బోర్డులో, నేను దీన్నే పెడతాను.

యాన్ కొలే 2012లో తెచ్చిన ఎక్స్ఎక్స్‌హ్యాష్ దారి వేరు. దాని 64 బిట్ల రకం 27 బైట్లను ఎనిమిదేసి చొప్పున మూడు అడుగుల్లో తీసుకుని, మిగిలిన మూడింటిని విడిగా కలుపుతుంది. ఊరి పేర్ల లాంటి చిన్న స్ట్రింగ్‌లకు దాని కొత్త రూపం ఎక్స్ఎక్స్‌హెచ్3లో ప్రత్యేక దారులే ఉన్నాయి. మన ఊళ్లలో సగం పురాలు, పాలేలు, లంకలే. తోకలు ఒకటైనా ఇది సంఖ్యలను బాగా చెదరగొడుతుంది. ఆఫీసు కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాంకు నా ఓటు దీనికే. ఆస్టిన్ ఆపిల్‌బీ రాసిన మర్మర్‌హ్యాష్3 ఇప్పటికే వాడుతుంటే దాన్ని పీకేయనక్కర్లేదు.

పేర్లు బయటి నుంచి వస్తే మాత్రం లెక్క మారుతుంది. వెబ్ ఫారంలో ఎవరైనా కావాలనే ఒకే హ్యాష్ వచ్చే పేర్లు వేలల్లో పంపితే సర్వర్ కూలబడుతుంది. 2011 డిసెంబరులో ఈ దాడి పెద్ద చర్చయింది. మరుసటి ఏడు ఒమాసన్, బెర్న్‌స్టయిన్ సిప్‌హ్యాష్ తెచ్చారు. 128 బిట్ల రహస్య తాళం ఉంటుంది కాబట్టి ఢీకొట్టే పేర్లను ముందే లెక్కగట్టడం కుదరదు. పైతాన్ భాషలో 3.4 నుంచి స్ట్రింగ్‌లకు ఇదే, రస్ట్ భాషలోనూ మామూలుగా ఇదే. కొంచెం నెమ్మది, అయినా ఇంటర్నెట్‌కు తెరిచిన చోట నేను వేగం కోసం దీన్ని వదులుకోను.

ఏది ఎంచుకున్నా, హ్యాష్‌కు ఇచ్చే ముందు పేర్లను యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఒకే అక్షరానికి ఒకే రాత ఉండే రూపంలోకి మార్చండి. ‘ై’ని ఒక కోడ్‌గా రాయొచ్చు, రెండుగానూ రాయొచ్చు, తెర మీద తేడా తెలియదు. ‘ఫిష్‌ఫీడ్’ లాంటి మాటల మధ్య కనిపించకుండా కూర్చుని, అక్షరాలు కలిసిపోకుండా ఆపే నాన్‌జాయినర్ గుర్తును ఎన్ఎఫ్‌సీ ముట్టుకోదు, దాన్ని మీరే తీసేయాలి.