ఇంట్లో తెలుగా, ఇంగ్లీషా? పాపకు ఆటిజం అని తేలాక

చెన్నైలో ఉండే తెలుగువాళ్లింట్లో ఆటిజం రిపోర్టు చేతికొచ్చిన వారంలోపే ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు: "ఇన్ని భాషలు వింటే పిల్ల కన్ఫ్యూజ్ అవుతుంది, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి." మాకు చెప్పింది ఒక థెరపిస్టు. మా పాపకు నాలుగేళ్లు. ఇంట్లో నెల్లూరు తెలుగు, పార్కులో, లిఫ్టులో తమిళం, స్కూల్లో ఇంగ్లీషు. పైకి చూస్తే సలహా సబబుగానే ఉంటుంది.

ఇంగ్లీషు వైపు బలం లేకపోలేదు. థెరపీ ఇంగ్లీషులో, ఫ్లాష్ కార్డులు ఇంగ్లీషులో, రేపు స్కూలూ అంతే. సెషన్‌లో నేర్పిన మాటే ఇంట్లోనూ వినిపిస్తే పాపకు పని తేలికవుతుంది. పైగా చాలామంది పిల్లలు యూట్యూబ్ చూసి రంగులు, అంకెలు, రైమ్స్ గడగడా అప్పజెప్పేస్తారు. దాంతో మనకు ఆశ పుడుతుంది, ఇంగ్లీషే దీనికి బాగా ఎక్కుతోందని. కానీ ఆ రైమ్ మొత్తం పాడే పిల్ల దాహమైతే నోరు తెరిచి అడగదు, మన చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళుతుంది. విన్నది తిరిగి పలకడం వేరు, కావలసింది అడగడం వేరు. ఏ భాష పెట్టాలో తేల్చేటప్పుడు చూడాల్సింది ఈ రెండోదాన్నే.

ఆడపిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. వాళ్లలో చాలామంది పక్కపిల్లల మాటలు, నవ్వులు అచ్చం అలాగే అనుకరిస్తారు. అందుకే వాళ్లలో ఆటిజం మగపిల్లల కంటే ఆలస్యంగా బయటపడుతుంది. క్లాసులో అరువు వాక్యాలతో నెట్టుకొస్తుంటే "మీ పాప బుద్ధిమంతురాలండీ" అని మిస్సులు మెచ్చుకుంటారు. ఇంట్లోనూ అవే ఇంగ్లీషు వాక్యాలు నడిస్తే, ఏది తన మాటో ఏది అరువుదో మనకూ తెలియదు.

తెలుగు వైపు నన్ను తిప్పింది మాత్రం మా ఇంగ్లీషే. క్లయింటుతో కాల్‌లో ఎంతసేపైనా మాట్లాడతాం. అన్నం తినిపిస్తూ, జడ వేస్తూ, అలిగితే బుజ్జగిస్తూ మాట్లాడే ఇంగ్లీషు మాకు రాదు. ప్రయత్నించి చూస్తే మిగిలేవి "సిట్", "ఈట్", "కమ్ హియర్". అన్నీ ఆజ్ఞలే. ఎదుటివాళ్లతో మాట కలపడమే కష్టమైన పిల్లకు ఇంట్లో వినిపించే మాటల్నే సగానికి కోసేస్తే ఏం లాభం? ఇక అమ్మమ్మ సంగతి. ఒకే ఆటను విసుక్కోకుండా ఎన్నిసార్లయినా ఆడే మనిషి మా ఇంట్లో ఆవిడొక్కతే. ఇల్లు ఇంగ్లీషుకు మారిన రోజు ఆవిడ పక్కకు తప్పుకోవాల్సిందే.

కన్ఫ్యూజన్ భయానికి ఆధారం కూడా గట్టిగా లేదు. 2012లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఆటిజం ఉన్న 75 మంది పిల్లల్ని చూశారు. ఒకే భాష వినేవాళ్లతో పోలిస్తే రెండు భాషలు వినేవాళ్లు వెనకబడలేదు. మనది మూడు భాషల ఊరు కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా అతికించలేం, నిజమే. అయినా మాట ఆలస్యం కావడానికి మూలం ఆటిజంలో ఉంది, అమ్మమ్మ భాషలో లేదు.

కాబట్టి నా ఓటు ఇంట్లో తెలుగుకే, థెరపీలో ఇంగ్లీషుకే. రెంటినీ కలపడానికి చేతి సైగ, బొమ్మ చాలు. "గివ్" అన్నా "ఇవ్వు" అన్నా చెయ్యి చాపే తీరు ఒకటే ఉండాలి. మాటలు బొత్తిగా రాని పిల్లలకు చెన్నైలోనే పుట్టిన ఆవాజ్ యాప్ ఉంది, బొమ్మలు నొక్కి తెలుగులోనూ మాట్లాడించవచ్చు. పాప "వాటర్" అంటే వెంటనే నీళ్లివ్వండి. "నీళ్లు అను, అప్పుడే ఇస్తా" అని బేరం పెట్టొద్దు. అడగడమే అక్కడ గెలుపు. భార్యాభర్తలది చెరో భాషై, ముందునుంచీ ఇంట్లో ఇంగ్లీషే నడుస్తుంటే దాన్ని మార్చే పని పెట్టుకోనక్కర్లేదు.

తమిళం గురించి పెద్దగా ఆలోచించలేదు. పార్కు, ఎదురింటి పాటి (తమిళ అవ్వ) ఆ పని చూసుకుంటారు.

స్కూల్లో భాషల భారం గురించి ఇప్పుడే హైరానా పడొద్దు. ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. సీబీఎస్‌ఈలో ఇలాంటి పిల్లలకు మూడో భాష మినహాయింపు ఉంది, తప్పనిసరి భాషలు రెండుకు బదులు ఒకటే తీసుకునే వీలూ ఉంది. దానికి వైకల్య సర్టిఫికెట్ కావాలి.

అసెస్‌మెంటుకు వెళ్లేముందు మాత్రం పాప అనే మాటలన్నీ, తెలుగువీ తమిళంవీ ఇంగ్లీషువీ, ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. ఇంగ్లీషులోనే పరీక్షిస్తే "వద్దు", "పో", "ఇంకా" లెక్కలోకి రావు. మా పాప రోజూ ఎక్కువగా వాడేది ఆ మూడే.