పెద్దచెరువు గట్టు మీద చోడి అంబలి: మూడు వారాల ముచ్చట

భోగి నుంచి ముక్కనుమ దాకా అరిసెలు, పాకుండలు, గారెలు, కోడికూర. పండగ వెళ్లాక తూకం చూసుకుంటే మూడున్నర కిలోలు ఎక్కువ! మా ఆవిడ నవ్వాపుకుంటూ "అంబలి తాగండి" అంది. అప్పట్నుంచి విజయనగరం పెద్దచెరువు గట్టు మీద పొద్దున్నే నడిచి, అక్కడి తోపుడుబండి దగ్గర చోడి (రాగి) అంబలి తాగుతున్నాను.

గ్లాసు 20 రూపాయలు. రాత్రి పులియబెట్టిన చోడిపిండి, ఉడికిన నూకలు, పల్చటి మజ్జిగ, పైన ఉల్లిపాయ ముక్కలు. బండామె ప్రతిసారీ గరిటె అడుగుదాకా దించి కలిపి పోస్తుంది. అందుకే చివరి గ్లాసు కూడా చిక్కగానే ఉంటుంది. పులుపు చక్కగా కుదురుతుంది. ఉప్పే ఎక్కువ, ముందే చెప్పుకోవాలి. పక్క బండిలో మిరపకాయ బజ్జీలు వేయడం మాత్రం అన్యాయం. రెండు రోజులు ఓడిపోయాను.

చోళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది గానీ, కేలరీల్లో బియ్యానికీ వాటికీ పెద్ద తేడా లేదు. నాలుగిడ్లీలు లాగించి పైన అంబలి తాగితే ఒళ్లేం తగ్గుతుంది? నేను టిఫిన్ మానేసి ఒక గ్లాసు, రెండు ఉడకబెట్టిన గుడ్లతో సరిపెట్టాను. మొదటి వారమే రెండు కిలోలు దిగాయి. అది చాలావరకు పండగ ఉప్పు పట్టి ఉంచిన నీరే. తర్వాత వారానికి అరకిలో. అంతకన్నా తొందర నాకూ లేదు.

ఎనిమిదిన్నర దాటితే కుండ ఖాళీ. ఆదివారం బండి రాదు.