బర్నౌట్‌కి సీబీటీనా, డెప్త్ థెరపీనా?

ప్రమోషన్ వచ్చిన రోజు కూడా లోపల ఏమీ అనిపించట్లేదంటే అది ఉత్త అలసట కాకపోవచ్చు, బర్నౌట్ కావచ్చు, అంటే పని ఒత్తిడికి లోపల పూర్తిగా అరిగిపోవడం. దానికి ఇక్కడ రెండు దారులు చూద్దాం: సీబీటీ అంటే ఇప్పటి ఆలోచనల్ని, అలవాట్లని మార్చే థెరపీ, డెప్త్ అంటే వాటి వెనకున్న పాత మూలాల్ని వెతికే థెరపీ.

ఖర్చు: సీబీటీ మామూలుగా 12 నుంచి 20 సెషన్లు. డెప్త్ వారం వారం, ఏడాది పైనే పట్టొచ్చు, డబ్బూ అంతే.

శ్రమ: సీబీటీలో ఆలోచనలు రాసుకునే హోంవర్క్ ఉంటుంది, బాగా సాధించేవాళ్లు దాన్నీ ఇంకో టార్గెట్‌లా పూర్తిచేసేస్తారు, వెలితి మాత్రం అలాగే ఉండిపోవచ్చు. డెప్త్‌లో అలాంటి టార్గెట్ ఉండదు, గెలవకపోతే నన్నెవరు పట్టించుకుంటారన్న భయం ఎక్కడ మొదలైందో మెల్లగా బయటికొస్తుంది, చివరికి థెరపిస్ట్‌ని కూడా మెప్పించాలని చూస్తున్నామని మనకే తెలుస్తుంది చూడండి, అసలు పని అక్కడే.

రిస్క్: డెప్త్‌లో మొదట్లో బాధ పెరగొచ్చు.

నిద్ర లేదు, ఆఫీసంటేనే వణుకు అంటే ముందు సీబీటీ, పనిభారం తగ్గించుకోవడం. సెలవు పెట్టినా ఉద్యోగం మారినా అదే ఖాళీ అయితే డెప్త్. చావు ఆలోచనలొస్తుంటే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు, వెంటనే సైకియాట్రిస్ట్‌ని కలవండి.